ఎర్రకోటు రౌతు మీసం

పెళ్ళి సంబంధం చెడిపోవడానికి లోకంలో సవాలక్ష కారణాలుంటాయి. నాది మాత్రం జానెడు ఎత్తున్న ఒక కొయ్యరౌతు కోటు రంగు దగ్గర చెడింది. చెడగొట్టింది బంధువులు కారు, ఇరుగుపొరుగు కారు. నేనే. భూతద్దం పెట్టుకుని, సన్నకుంచె పట్టుకుని, ఆఫీసుకు సెలవు కూడా పెట్టి మరీ చెడగొట్టుకున్నాను. అంత శ్రద్ధగా నా జీవితంలో ఇంకో పని చేసి ఎరగను. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు అయిపోయాక కాసేపు ఏ పనీ చేయబుద్ధి కాదు, అదొక్కటే ఇబ్బంది.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. అప్పుడు తిరుపతిలో ఒక ఆఫీసులో గుమాస్తాను. సాయంత్రమైతే బొమ్మల పని. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. బొటనవేలంత సైనికులు, వాళ్ళ కింద గుర్రాలు. తెల్లగా, బోసిగా పోస్టులో వస్తాయి. వాటికి రంగులు వేయాలి. ఇష్టమొచ్చినట్టు వేస్తే కుదరదు. ఏ కాలం, ఏ దళం, కాలరు ఏ రంగు, రొమ్ము మీద గుండీలు ఎన్ని, అవి ఇత్తడివా వెండివా, జీను కింద గుడ్డకు అంచు ఉందా లేదా, అన్నీ చరిత్రకు సరిపోవాలి. సరిపోకపోతే మా గుంపు ఊరుకోదు.

గుంపంటే, దేశం నలుమూలల్లోనూ ఇదే జబ్బున్న వాళ్ళం ఫోనులో ఒకచోట చేరాం. ఒకసారి ఒకాయన తన కూతురి పెళ్ళి ఫొటో పెట్టాడు. పెళ్ళికూతురి వెనక గోడకు ఒక పటం ఉంది, పటంలో ఒక రౌతు ఉన్నాడు. ఆ రౌతు బూట్లు ఆ కాలానివి కావని మేమంతా పొద్దుగూకేదాకా కొట్లాడుకున్నాం. అమ్మాయి బాగుందని గానీ, చల్లగా ఉండమని గానీ ఒక్కరూ అనలేదు. ఆ కొట్లాట మొదలుపెట్టింది ఎవరని అడక్కండి.

మా అమ్మ మాత్రం రోజూ ఒకే మాట అనేది. "ఆ గుర్రపోళ్ళ గుండీలు లెక్కబెట్టేది సాలుగానీ, నీ సొక్కా గుండీలు సూసుకోరా. ఒకటి మీదికీ ఒకటి కిందికీ ఉండాయి."

నిజమే, ఉండేవి. ఎప్పుడూ ఒక గుండీ తప్పేది.

ఇలా ఉండగా పాకాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి హైమను చూశాను. చిత్తూరు అమ్మాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జు తీపి, పులుపు పరీక్ష చేసే ఉద్యోగం. గుర్రం మీద పెళ్ళికొడుకు ఊరేగింపు బయల్దేరింది. బ్యాండుసెట్టు హోరుకు ఆడవాళ్ళు చెవులు మూసుకుంటుంటే, ఆ అమ్మాయి మాత్రం పక్కనే నడుస్తూ, చేతిలో ఉన్న పూలపళ్ళెం మీద వేళ్ళతో తాళం వేస్తోంది. అందరూ పెళ్ళికొడుకును చూస్తున్నారు. హైమ చూపు మాత్రం గుర్రం దగ్గరే ఉంది. ఆహా, గుర్రాల మీద ఇష్టమున్న ఆడపిల్ల! నాకు అక్కడే అయిపోయింది. తిరుపతి చేరేలోగా మనసులో మూడు సార్లు పెళ్ళి చేసుకున్నాను.

అమ్మతో చెప్పాను. అమ్మ విచారించింది. తల్లి చిన్నప్పుడే పోయింది, తండ్రికి చిత్తూరులో షామియానాలు, లైట్లు అద్దెకిచ్చే దుకాణం ఉండేది, ఆయన కూడా రెండేళ్ళ కిందట పోయాడు, అవ్వ దగ్గర ఉంటోంది. జాతకాలు బ్రహ్మాండంగా కుదిరాయి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరం పడుతుంది.

వాళ్ళ వైపు పెళ్ళిచూపులని పేరు పెట్టి పిలవరు. దసరాకు ఇంట్లో బొమ్మల కొలువు పెడతారు కదా, "కొలువు చూసిపోండి" అంటారు. కుదిరితే సంబంధం చూసినట్టు, కుదరకపోతే బొమ్మలు చూసినట్టు. ఎవరికీ తలవంపులు లేని మర్యాద. కొలువు రోజుల్లోనే ఒక సాయంత్రం అమ్మా నేనూ చిత్తూరు వెళ్ళాం. అంత మంచి మర్యాద ఉన్న ఇంట్లో నేను నిజంగానే బొమ్మలు చూశాను. అదీ నా ఖర్మ.

"రా నాయనా, కూసో. తిరుపతోళ్ళు, మీరు సూడని కొలువా ఇది!" అంది అవ్వ.

తెల్లగుడ్డ పరిచిన మెట్లు. పైన దేవుళ్ళు, కింద అంగడి పెట్టుకున్న శెట్టి, శెట్టెమ్మ. నడిమి మెట్టు మీద వరసగా కొయ్యగుర్రాలు, వాటి మీద రౌతులు. ఎర్రకోట్లు, రొమ్ము నిండా బంగారు తాళ్ళు, భుజాల మీద కుచ్చులు, తల మీద ఈకల టోపీలు. నా గుండె ఆగినంత పనైంది. ఆ సంతోషంలో, మంచి మాట అనిపించుకోవాలన్న ఆత్రంలో, అచ్చు పుస్తకంలా మాట్లాడటం మొదలుపెట్టాను.

"ఇవి ఏ కాలం రౌతులండీ?"

"ఏ కాలమంటే?" అంది హైమ.

"పాళెగాళ్ళ కాలమా, కంపెనీ కాలమా అని."

"మా కాలమే."

హాస్యమాడిందనుకుని నవ్వాను. "చూడండి, పాళెగాళ్ళ రౌతులైతే ఎర్రకోటు ఉండదు. దూది పెట్టి కుట్టిన అంగీ, నడుముకు దట్టీ, తలపాగా. కంపెనీ వాళ్ళ దేశీ దళమంటారా, మొదట్లో ఎరుపేగానీ తర్వాత నీలిబూడిదకు మారారు. ఇన్ని బంగారు తాళ్ళు ఏ దళంలోనూ లేవు. ఇలాంటి మనుషులు ప్రపంచంలో ఎక్కడా ఉండరు."

"ఉండారు. నేను సూసినా."

"సినిమాల్లో చూసి ఉంటారు."

హైమ అవ్వ వైపు చూసింది. "ఇంట్లోనే రంగులేసినవి నాయనా," అంది అవ్వ.

"అదే తెలుస్తోందండీ," అన్నాను. చూశారా, ఎంత మర్యాదస్తుణ్ణో!

అమ్మ నా మోచేతిని గిల్లింది. నేను ఆగితే కదా. "ఇదిగో, ఈయన డాలును పొట్ట మీద కట్టుకున్నాడు. డాలు ఎడమచేతికి ఉండాలి. ఈ పక్కాయన పిస్తోలు తన నోటికే పెట్టుకున్నాడు. ఇక ఈ నడిమాయన ఈటె ఉంది చూశారా, మూరెడు కూడా లేదు. ఇంత పొట్టి ఈటెతో శత్రువును పొడవాలంటే, ముందు వాణ్ణి దగ్గరికి రమ్మని బతిమాలుకోవాలి!"

హైమ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఇక ఆపుకోలేక గట్టిగా నవ్వేసింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఆ నడిమి రౌతును చూసి మళ్ళీ నవ్వింది.

"మా అమ్మి ఇట్ల నవ్వి శానా దినాలాయె నాయనా," అంది అవ్వ.

ఆ నవ్వు నా పాండిత్యానికి వచ్చిందనుకున్నాను. ఏ మాటకామాట, అంత బాగా నవ్వే మనిషిని నేను ఆ తర్వాత చూడలేదు. ఆ క్షణం నాలుగు మాటలు తక్కువ మాట్లాడి, ఆ నవ్వు ఇంకాస్త విని ఉంటే ఎంత బాగుండేదో.

లేవబోయే ముందు అమ్మ చెవిలో అవ్వ అన్న మాట నాకు తర్వాత తెలిసింది. "అమ్మికి నచ్చినాడు. పదో దినం రాండి, మాట్లాడుకుందాం." అంటే పని అయిపోయింది. నేనిక చేయాల్సింది ఏమీ లేదు. ఊరికే కూర్చుంటే పెళ్ళయిపోతుంది. కానీ నాకు ఊరికే కూర్చోవడం ఒక్కటే చేతకాలేదు.

అవ్వా హైమా గుగ్గిళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళారు. అమ్మ పెరట్లోకి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. నేనూ, రౌతులూ మిగిలాం. కొలువులో ఒకసారి పెట్టిన బొమ్మను పదోరోజు దాకా కదపకూడదు. ఇది మా వీధిలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. అయినా నా చెయ్యి నడిమి మెట్టు దగ్గరికి వెళ్ళింది. ఆ పొట్టి ఈటె రౌతును నేను సరిచేసి, చరిత్ర ఒప్పుకునే కోటు తొడిగి, పదోరోజు తెచ్చి హైమ చేతిలో పెడితే? ఆడపిల్లకు అంతకంటే గొప్ప కానుక ఎవడివ్వగలడు? రౌతు నా సంచిలోకి వెళ్ళాడు. నేను గుగ్గిళ్ళు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

మర్నాడే అమ్మకు ఫోనొచ్చింది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "కొలువులో ఒక బొమ్మ కనపడలేదంటరా. పేరంటానికొచ్చిన పిల్లోళ్ళెవురో ఎత్తుకపోయినారేమోనని ఇల్లిల్లూ తిరిగి అడగతాండారంట. హైమ అన్నం గూడా తినలేదంట," అంది.

నేను గదిలో తలుపేసుకుని ఉన్నాను. కుంచె నోట్లో ఉంది. "దొరుకుతాదిలేమ్మా," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"నమ్మకం."

అన్నం తినలేదన్న మాట విన్న తర్వాతైనా, రక్తమాంసాలున్న మనిషైతే బొమ్మ తీసుకుని బస్సెక్కేవాడు. నేను ఏమనుకున్నానో తెలుసా? ఎంత బాధపడితే బొమ్మ చూసినప్పుడు అంత సంతోషపడుతుంది కదా అనుకున్నాను. ఆ బుర్రను ఎవరైనా ఏ ప్రదర్శనశాలలోనైనా పెట్టాల్సింది.

పని మొదలైంది. ఎర్రరంగును ద్రావకంతో కడిగాను. బంగారు తాళ్ళను గీకాను. ఈకల టోపీని చెక్కి తలపాగా చేశాను. పొట్టి ఈటెను పీకేసి, చీపురుపుల్ల చెక్కి వంపు కత్తి చేసి చేతిలో పెట్టాను. చెంపల దాకా పాకిన కొయ్యమీసం ఒకటి ఉంది. అలంకారం మరీ ఎక్కువైందని బ్లేడుతో నున్నగా తీసేశాను. ఫొటో తీసి గుంపులో పెట్టాను. దట్టీ ముడి కుడివైపు కాదు ఎడమవైపు ఉండాలన్నారు. మార్చాను. చివరికి ఎవరూ ఒక్క తప్పు కూడా పట్టలేకపోయారు. మా గుంపులో అలా జరగడం అదే మొదలు.

పదోరోజు తిరుపతి బస్టాండులో పట్టుగుడ్డ చుట్టిన అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. బస్సు కదిలాక అమ్మకు సంగతి చెప్పాను. అమ్మ పెట్టె వైపు, నా వైపు చూసింది.

"అడక్కుండా తీసినావా?"

"అడిగితే కానుక ఎట్లవుతాదిమా?"

"పోనీలే, దొరికిందని సంతోషపడతార్లే," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

హైమ వాళ్ళ సందు మలుపు తిరిగేసరికి బ్యాండుసెట్టు వినిపించింది. "మంచి శకునం," అంది అమ్మ. నేను చొక్కా సర్దుకున్నాను. ఇంటి ముందు చిన్న షామియానా వేసి ఉంది. దాని కింద నలుగురైదుగురు ముసలివాళ్ళు వరసగా నిలబడి వాయిస్తున్నారు.

ఎర్రకోట్లు. రొమ్ము నిండా బంగారు తాళ్ళు, వన్నె తగ్గి నల్లబడ్డాయి. భుజాల మీద కుచ్చులు. ఈకల టోపీలు. మొదటాయన పొట్ట మీద డాలు లేదు, డ్రమ్ము ఉంది. రెండో ఆయన నోటి దగ్గర పిస్తోలు లేదు, వంకర బాకా ఉంది. ఆ తర్వాత ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఖాళీ అవతల మిగతావాళ్ళు.

నేను ఎంతసేపు నోరు తెరుచుకుని నిలబడ్డానో తెలియదు. ఎక్కడ నిలబడ్డానో కూడా తెలియదు. డ్రమ్మాయన పుల్లలు ఆపి చెప్పాడు.

"ఆడ నిలబడొద్దప్పా. అది మా మాస్టరు జాగా."

పక్కకు జరిగాను. "మాస్టరంటే?"

"హైమ వాళ్ళ నాయన. క్లారినెట్టు వాయించేటోడు. షామియానా అంగడి ఆయన్దే, బ్యాండుసెట్టూ ఆయన్దే. పోయినంక బ్యాండు మూసేసినాం. ఏడాదికొకసారి, కొలువు ముగించే దినం, ఆయన బొమ్మల ముందర వాయించిపోతాం."

పొట్టి ఈటె నా కళ్ళ ముందు తిరిగింది. దాన్ని పీకి చెత్తబుట్టలో వేసిన రోజు కూడా గుర్తొచ్చింది. పాకాల ఊరేగింపులో ఆ అమ్మాయి ఎవరిని చూసిందో కూడా అప్పుడే అర్థమైంది. గుర్రాన్ని కాదు, గుర్రం వెనక నడిచే వాళ్ళని.

డ్రమ్మాయన తన ధోరణిలో చెప్పుకుపోతున్నాడు. "పెండ్లికొడుకు గుర్రం ఎనకాల నడిసి నడిసి కాళ్ళరిగినాయప్పా మాకు. 'ఒకనాటికి మనం గూడా గుర్రాలెక్కి వాయిస్తామురా' అనేటోడు మాస్టరు. యాడెక్కేది? సైకిలెక్కేదానికే బయపడే మనిషి. అందుకని తిరపతి నుంచి కొయ్యరౌతుల్ని తెచ్చి, మా అందరి బొమ్మలూ చేసి, గుర్రాలెక్కించి కొలువులో పెట్టినాడు."

ఇప్పటికైనా పారిపోవచ్చు. పెట్టెతో సహా వెనక్కి తిరిగి బస్టాండుకు పరిగెత్తవచ్చు. అంతలో అవ్వ ఎదురొచ్చింది. "రా నాయనా. ఏంటిది, కొత్త బొమ్మా?"

ఏటా కొలువుకు ఒక కొత్త బొమ్మ చేరాలని ఆనవాయితీ. అవునవ్వా, కొత్త బొమ్మే, అంటే సరిపోయేది. అందామని నోరు తెరిచాను. నాకంటే ముందు అమ్మ అందుకుంది. "పోయిన మీ బొమ్మే పెద్దమ్మా! మావోడు బాగుచేసి తెచ్చినాడు!"

హైమ పెట్టె తీసుకుంది. పట్టుగుడ్డ విప్పింది. బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది. గుర్రాన్ని గుర్తుపట్టింది. ఆ తర్వాత రౌతు ముఖం మీద బొటనవేలు పెట్టి, మెల్లగా రాసింది.

"మా నాయన మీసం యాడ?" అంది.

బ్యాండు ఆగిపోయింది.

ఏ దేవుడైనా దయతలచి ఆ క్షణంలో నా నోరు కట్టేసి ఉంటే! నోటికి అలవాటైన పాఠం అదే బయటికొచ్చింది. "అంటే... ఆ కాలం రౌతులకు అంత పొడుగు..." అమ్మ నా కాలు తొక్కింది. తొక్కిన కాలు తీయలేదు.

"క్లారినెట్టు గూడా తీసేసినారే," అంది హైమ. కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "కత్తి ఇచ్చినారు. మా నాయన కోడిని గూడా కొయ్యలేడు."

ఎవరో ఒకరు నవ్వుతారేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు.

"మళ్ళీ ఎర్రరంగు వేసిస్తాను. మీసం కూడా పెడతాను. ఫొటో ఏదైనా ఉంటే ఇవ్వండి," అన్నాను.

"అన్ని ఫొటోల్లోనూ క్లారినెట్టు అడ్డమే. ముఖం తేటగా ఉండేది ఈ బొమ్మకే." బొమ్మను చెంగులో చుట్టుకుంది. "వద్దులెండి. ఇంక సెయ్యి పెట్టొద్దండి."

ఆ పూట వాళ్ళు మాకు భోజనం పెట్టే పంపించారు. ఆ ఇంటి మర్యాద అలాంటిది. నేను తలెత్తకుండా తిన్నాను. పది రోజులైనా కాకుండానే కబురొచ్చింది, జాతకాలు కుదరలేదని. బ్రహ్మాండంగా కుదిరిన జాతకాలే.

ఆ తర్వాత సంబంధాలు రాకపోలేదు. వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. మంచి పిల్లలే అందరూ. ఇంటికొచ్చాక, నవ్వు ఎలా ఉందని అమ్మ అడిగితే మాత్రం ఏం చెప్పాలో తెలిసేది కాదు. చెప్పకుండా ఎన్నాళ్ళు గడిచాయో, చూస్తుండగా సంబంధాలు చెప్పేవాళ్ళు మా ఇంటి దారి మానేశారు. వేసవిలో చిత్తూరు రోడ్డు మీద తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. ఆ వాసన బస్సులోకి వస్తే కిటికీ మూయను. అంతకంటే నేను చేయగలిగిందీ లేదు.

అమ్మ పోయిన మరుసటి ఏడు, దసరా రోజుల్లో, ఆఫీసు పని మీద చిత్తూరు వెళ్ళాను. పని తొందరగా అయిపోయింది. కాళ్ళు వాటంతట అవే ఆ సందులోకి తిరిగాయి. అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది, అయినా గుర్తుపట్టింది.

"ఏం నాయనా, కొలువు సూసేదానికి వచ్చినావా? రా, రా. హైమ నిన్ననే వచ్చి, అన్నీ సర్ది, పొద్దన పోయింది. హోసూరులో ఇచ్చినాం. కొలువు మాత్రం వచ్చి తనే పెట్టిపోతాది."

నడిమి మెట్టు మీద ఎర్రకోటు రౌతులు అలాగే ఉన్నారు. మధ్యలో ఖాళీ కూడా అలాగే ఉంది. గడప పక్కన, కొలువుకు దూరంగా, చిన్న పీట మీద ఒంటరిగా ఒక రౌతు నిలబడి ఉన్నాడు. దూది అంగీ, దట్టీ, తలపాగా, చీపురుపుల్ల కత్తి. దట్టీ ముడి ఎడమవైపు.

"వరసలో పెడితే ఒప్పదు గదా నాయనా, ఎవురో కొత్తోడి మాదిరి ఉండాడు," అంది అవ్వ. "పారేసేదానికి మనసు రాల్యా. యాడికి పోతాడు పాపమని వాకిట్లో కాపలాకు పెట్టినాం."

వంగి చూశాను. నేను నున్నగా గీకిన ముఖం మీద, చెంపల దాకా, నల్లటి మీసం ఉంది. ఒకవైపు కొంచెం పైకి, ఒకవైపు కొంచెం కిందికి.

"మీసం?"

"హైమే. కాటుకతో పెడతాది. తుడిసిపోతాది గదా, ఏటేటా వచ్చినప్పుడు మళ్ళా పెడతాది." అవ్వ నా ముఖంలోకి చూసింది. "సరిగ్గా ఉండాదా నాయనా? నీకు తెలుసు గదా ఇయ్యన్నీ."

చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

"నిండా సరిగ్గా ఉండాదవ్వా," అన్నాను.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి ఎదుట, చంద్రగిరి కోట సాక్షిగా, తూర్పు ముఖంగా కూర్చుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ రౌతు కోటు రంగూ అడగను. ఎవరి డాలు ఎవరి పొట్ట మీద ఉన్నా నాకనవసరం. కొయ్యదైనా సరే, పరాయి మనిషి మీసం జోలికి పోను. అన్నిటికంటే ముఖ్యంగా, బతికున్నంత కాలం ఎవరి గుండీలూ లెక్కపెట్టను. ఈ నియమాన్ని నా చొక్కాకు కూడా వర్తింపజేసుకున్నాను. ఇది రాస్తున్న ఈ పూట కూడా నా గుండీ ఒకటి తప్పింది, మెడ దగ్గర చొక్కా ఎగుడుదిగుడుగా ఉంది. చూసి చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.